పాటల చీటీ

తెలుగు సినిమా పాటల గురించి రాసేవాళ్ళు సంగీత దర్శకుల గురించి రాస్తారు, గాయకుల గురించి రాస్తారు. విన్నవాళ్ళ గురించి రాసేది తక్కువ. రాయాలంటే రికార్డింగ్ సెంటర్ల దగ్గర మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. 1980ల్లో మా గోదావరి జిల్లాల్లో కాస్త పెద్ద ఊరైతే చాలు, బస్టాండు పక్కనో సినిమా హాలు ఎదురుగానో అలాంటి కొట్టు ఒకటి ఉండేది. ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటలు రాసిన చీటీ ఇచ్చి వెళ్తే, ఆ పాటలు ఆ వరసలోనే ఎక్కించి ఇచ్చేవారు. పాలకొల్లులో మా నాన్నగారిది అలాంటి కొట్టే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని క్యాసెట్టు డబ్బాలోని అట్ట మీద పాటల పేర్లు రాసే పని నాకు అప్పగించారు.

ఈ వృత్తి మైకు సెట్టులోంచి పుట్టింది. నాన్నగారు అంతకుముందు పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ మైకు కట్టేవారు. ఆయన పెట్టెలో అడుగున లక్కతో చేసిన 78 స్పీడు రికార్డులుండేవి. ఓడియన్, కొలంబియా, హెచ్.ఎం.వి. వాళ్ళవి. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంతే. స్టేజీ మీద ఒక్క పద్యాన్ని వన్స్‌మోర్లతో పది నిమిషాలు పాడే నటుడైనా రికార్డు దగ్గరికొచ్చేసరికి రాగం తగ్గించుకుని ఆ మూడు నిమిషాల్లో ముగించాల్సిందే. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో ఇంటింటికీ చేరింది ఇలాంటి రికార్డుల వల్లే. తర్వాత ఎల్పీలు వచ్చాయి. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఎల్పీ వచ్చాక మైకు సెట్టు వాళ్ళకి తెల్లవారుజాము పాట ఏది వెయ్యాలన్న ఆలోచనే లేకుండా పోయింది. ఘంటసాల భగవద్గీత కూడా అంతే. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు, ఆ గొంతు మాత్రం ఊరేగింపుల్లోనూ చావు ఇళ్ళ దగ్గరా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

అయితే ఆ రోజుల్లో ఏ పాట వినాలో వినేవాళ్ళ చేతిలో లేదు. ఊరంతా వినేది మైకు కట్టినాయన వేసిన పాట. రేడియో పెడితే అనౌన్సరు వేసిన పాట. రేడియోలో జనరంజని కార్యక్రమానికి కార్డు రాసి, మన పేరు చదువుతారేమోనని వారాల తరబడి ఎదురుచూడటమే మనకున్న హక్కు. సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై గొంతు కోసం ముల్లు అటూ ఇటూ తిప్పిన ఇళ్ళు మా వీధిలోనే ఎన్నో ఉండేవి.

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టింది. దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద లూ ఓటెన్స్ అనే డచ్ ఇంజనీరు. మా వైపు మాత్రం అది గల్ఫ్ దారిన వచ్చింది. కువైట్, మస్కట్ నుంచి సెలవుకు వచ్చినవాళ్ళ సామానులో రేడియో, టేప్ రికార్డరు కలిసి ఉండే టూ-ఇన్-వన్ ఉండి తీరాలి. యంత్రం ఇంటికొచ్చింది, అందులో వేసుకోవడానికి కావలసిన పాటలు బజార్లో లేవు. పాత సినిమాల రికార్డులు మా ఊరి దాకా వచ్చేవి కావు, వచ్చినా ఎల్పీ మొత్తం కొనాలి. ఇంట్లో చూస్తే రికార్డు ప్లేయరు ఉండదు. ఆ ఖాళీలో నాన్నగారు మైకు సెట్టు అమ్మి కొట్టు పెట్టారు. హెచ్.ఎం.వి. ఫియెస్టా రికార్డు ప్లేయరు మీద మొదలుపెట్టి తర్వాత మంచి టర్న్‌టేబులూ డెక్కూ కొన్నారు.

బయటివాళ్ళకి అది బటన్ నొక్కే పనిలా కనిపించేది. సి-60 అంటే ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. పాట సగటున మూడున్నర నిమిషాలు అనుకుంటే వైపుకి ఎనిమిది పడతాయి. ఎనిమిదోది పూర్తయ్యాక ఇంకో పాటకి చాలని కాస్త చోటు మిగులుతుంది. తొమ్మిదోది మొదలుపెడితే మధ్యలో తెగుతుంది. అలా తెగిన క్యాసెట్టు ఇవ్వడం నాన్నగారికి నామర్దా. అందుకని ప్రతి పాటా ఎన్ని నిమిషాలో చేతి గడియారం చూసి ఒక పొడుగు లెడ్జరులో రాసి పెట్టుకున్నారు. మిగిలిన చోటుకి సరిపోయే పద్యమో చిన్న పాటో ఆ చీటీ తెచ్చినవాళ్ళ అభిరుచిని బట్టి తనే వేసేవారు. చీటీలో ‘మల్లీశ్వరి’, ‘దేవదాసు’ రాసినవాళ్ళకి ఘంటసాల పద్యం. ‘మరోచరిత్ర’ రాసిన కుర్రాళ్ళకి బాలూ పాడిన చిన్న బిట్టేదో.

క్యాసెట్టు మొదట్లో అయస్కాంతపు పూత లేని ప్లాస్టిక్ ముక్క కాస్త ఉంటుంది. నేరుగా రికార్డు చేస్తే మొదటి పాట ఎత్తుగడ ఎగిరిపోతుంది. చక్రాన్ని వేలితో తిప్పి, గోధుమరంగు టేపు కిటికీలోకి వచ్చాకే మొదలుపెట్టాలి. పాత పాటలు తక్కువ స్థాయిలో ఉంటాయి, ఇళయరాజా పాటలు నిండుగా ఉంటాయి. మీటరు ముల్లు ఎరుపులోకి పోకుండా ఒక్కో పాటకీ సర్దకపోతే వినేవాళ్ళు ప్రతిసారీ లేచి వాల్యూమ్ తిప్పుకోవాలి. అన్నీ అయ్యాక వెనక అంచున ఉన్న రెండు చిన్న పలకల్నీ స్క్రూడ్రైవరుతో విరిచేవారు. ఇక పొరపాటున కూడా చెరిగిపోదు. సి-90 అడిగినవాళ్ళతో, టేపు పల్చన, తొందరగా చిక్కుకుంటుందని చెప్పి సి-60లు రెండు తీసుకోమనేవారు.

ఆ చీటీలు నేను చదివాను, అట్ట మీద ఎక్కించాల్సిన దాన్ని కాబట్టి. కరెంటు బిల్లు వెనక రాసినవీ, నోటు పుస్తకంలోంచి చింపినవీ. ఒక మేష్టారు సినిమా పేరు, సంగీత దర్శకుడి పేరు, కవి పేరు గళ్ళు గీసి మరీ రాసిచ్చేవారు. ఒకావిడ మగగొంతు ఒక్కటీ వద్దు, అన్నీ సుశీలవే కావాలంది. ‘శంకరాభరణం’ వచ్చిన ఏడాది ఆ పేరు లేని చీటీ చూడలేదు. కువైట్ వెళ్తున్న ఒక తల్లి ఒక వైపు పాటలు నింపి రెండో వైపు ఖాళీగా ఉంచమంది. సాయంత్రం ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చింది. నాన్నగారు ఫ్యాను కట్టేశారు, మైకులో దాని చప్పుడు పడుతుందని. ఆ పిల్లలు ముప్ఫై నిమిషాలూ ఎక్కాలూ, స్కూల్లో నేర్చుకున్న పద్యాలూ, ఇంట్లో గేదె ఈనిన సంగతీ చెప్పారు. ఆ క్యాసెట్టు అట్ట మీద రెండో వైపు నేను పిల్లల పేర్లు రాశాను.

చట్టం ప్రకారం ఇలా పాటలు ఎక్కించి అమ్మడం తప్పే. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించి ఇలాంటి పనులకు శిక్షలు పెంచారు. మా కొట్టు నుంచి పాడినవాళ్ళకీ రాసినవాళ్ళకీ పైసా వెళ్ళలేదు. అది అన్యాయమేనని నేను అంటాను. కానీ ఆ పాటలు కొనుక్కునేందుకు మాకు మరో దారి ఎవరూ చూపించలేదన్నదీ నిజమే. ఆ దారి టీ-సిరీస్ లాంటి కంపెనీలు తక్కువ ధరకి క్యాసెట్లు దించాక దొరికింది. కోట సచ్చిదానంద శాస్త్రి గారి హరికథలూ, తెలంగాణలో గద్దర్ పాటలూ క్యాసెట్లలో ఎంత దూరం ప్రయాణించాయో అందరికీ తెలుసు.

నాన్నగారి కొట్టును మూయించింది చట్టం కాదు, ఎంపీ3 సీడీ. ఒక్క పళ్ళెంలో వందకు పైగా పాటలు పడుతుంటే ఏ పాట ఉంచాలి, ఏది వదలాలి అని ఎవరూ తల పట్టుకోనక్కర్లేదు. పదహారు పాటల్లో ‘సువర్ణసుందరి’కి చోటివ్వాలంటే ‘సితార’ తీసెయ్యాలా అని కొట్టు బల్ల దగ్గర నిలబడి కొట్టేసి మళ్ళీ రాసిన చీటీలే నాకు విలువైనవి. మనవాళ్ళు ఏం ఇష్టపడ్డారో అవి చెప్తాయి.

మీ ఇంటి అటక మీద చేత్తో రాసిన అట్ట ఉన్న క్యాసెట్టు ఉంటే పారేయకండి. పాట ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది, మీ నాన్న వేయించుకున్న వరస మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. టేపు మీద తెల్లటి బూజుంటే ముందు తుడిపించండి, లేకపోతే అది యంత్రానికీ అంటుకుంటుంది. హెడ్డుకు ఆనే చోట ఉండే చిన్న మెత్త ఊడిందేమో చూడండి. ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పాకే వెయ్యండి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు పాటల్ని విడివిడిగా కత్తిరించకుండా ఒక్కో వైపునీ పూర్తిగా ఉంచండి, ఖాళీ వైపు కూడా చివరిదాకా వినండి. అట్టకి రెండు వైపులా ఫోటో తీసి దానితోపాటే దాచండి.