రంగూన్ రేవు, మద్రాసు రేడియో: 1988 తిరుగుబాటు మనకెందుకు?



మన సంఘంలో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం మళ్లీ అధికారం పట్టుకున్నప్పటి నుంచి, ఆ దేశం వార్త ఏది వచ్చినా మన గ్రూపులో రెండు మాటలు వినబడతాయి. "పాపం, ఆ పిల్లలు" అనేది ఒకటి. "మనవాళ్లను కట్టుబట్టలతో తరిమిన దేశమే కదా, అనుభవించనీ" అనేది రెండోది. రెండో మాట అనేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల ఇంటి పెద్దలు పడిన కష్టం చిన్నది కాదు. అయితే ఆ మాట చరిత్రకు సరిపోతుందా అని చూడాలి. అందుకే ఈ పొడుగు రాత. నేను తమిళ బడిలో చదివినవాణ్ణి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. మాట అటూ ఇటూ అయితే పెద్దలు సర్దుకోండి.

మొదట మన సంబంధం ఎక్కడిదో చూద్దాం. యానాం సభ్యులకు చెప్పనక్కరలేదు, వాళ్ల పక్కనే కోరంగి ఉంది. ఆ రేవు నుంచి ఓడలెక్కి పోయినవాళ్లు కాబట్టి బర్మాలో తెలుగువాళ్లకు 'కోరంగివాళ్లు' అనే పేరు పడింది. రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పని చేసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా మనవాళ్లే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ ఊళ్లో సగానికి పైగా భారతీయులే ఉండినారు.

అక్కడి జనంతో మనకు గొడవలూ జరిగినాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేసినారు. కంపెనీలవాళ్లు బర్మా కూలీలను తెచ్చి పని జరిపించినారు. తరువాత మనవాళ్లతో రాజీ కుదిరింది, బర్మావాళ్లను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై ఊరంతా పాకింది. వందకు పైగా ప్రాణాలు పోయినాయి, చచ్చినవాళ్లలో ఎక్కువమంది మన కూలీలే. పేదవాడి మీద పేదవాణ్ణి ఎగదోసి లాభం తీసుకున్న తెల్లదొరల కంపెనీలకు మాత్రం ఏమీ కాలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, ఆ రేవు మళ్లీ వస్తుంది.

1962 మార్చి 2న జనరల్ నే విన్ ఎన్నికైన ఊ నూ ప్రభుత్వాన్ని పడగొట్టి అధికారానికి వచ్చినాడు. ఆ జూలైలోనే రంగూన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులను కాల్చి, మరునాడు వాళ్ల సంఘ భవనాన్ని మందుపెట్టి పేల్చివేసినారు. 1963లో బ్యాంకులు ప్రభుత్వపరం అయినాయి. 1964 మార్చిలో రంగూన్ అంగళ్ల వంతు వచ్చింది. అదే ఏడు మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని చెప్పినారు. అంగడి పోయి, దాచిన డబ్బు కాగితమై, మన జనం లక్షల లెక్కలో ఓడలెక్కినారు. నగలు కూడా తీసుకుపోనివ్వలేదు. మద్రాసులో దిగినవాళ్లు వ్యాసర్‌పాడిలో గుడిసెలు వేసుకున్నారు. విశాఖలో దిగినవాళ్లకు కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వచ్చింది. 1969లో మద్రాసు హార్బరు పక్కన బర్మా బజార్ మొదలైంది. కాందిశీకులకు అప్పులివ్వడానికి రెప్కో బ్యాంకు పెట్టిందీ ఆ ఏడే.

ఇంతవరకు మన ఇళ్లలో చెప్పుకునే కథ. దీని తరువాతిది మనం చెప్పుకోము.

మనవాళ్లు పోయిన తరువాత నే విన్ 24 ఏళ్లు ఉన్నాడు. 1987 సెప్టెంబరు 5న 25, 35, 75 క్యాట్ల నోట్లు చెల్లవన్నాడు. మారుగా ఒక్క పైసా ఇవ్వలేదు. చలామణిలో ఉన్న డబ్బు సగానికి పైగా ఒక్క పూటలో పోయింది. వాటి బదులు 45, 90 క్యాట్ల నోట్లు వచ్చినాయి. తొమ్మిదితో భాగింపబడే అంకె అతనికి అచ్చివస్తుందని జనం చెప్పుకున్నారు. ఈసారి పోగొట్టుకున్నది కోరంగివాడు కాదు, బర్మా రైతు, బర్మా విద్యార్థి. పరీక్ష ఫీజుకు దాచుకున్న డబ్బు చేతిలోనే చెల్లకుండా పోతే రంగూన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పిల్లలు రోడ్డెక్కినారు. 1964లో పరాయివాడి మీద పరీక్షించిన కత్తి 23 ఏళ్ల తరువాత సొంత ఇంటివాడి మీదికే వచ్చింది. ఒకప్పుడు బియ్యం ఎగుమతిలో లోకానికే పేరుమోసిన దేశాన్ని ఆ డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మిక్కిలి పేద దేశాల జాబితాలో చేర్చింది.

1988 మార్చి 12 రాత్రి ఆ కాలేజీ దగ్గర ఒక టీ అంగట్లో చిన్న తగాదా జరిగింది. మరునాడు పోలీసుల తుపాకికి ఫోన్ మా అనే విద్యార్థి బలి అయినాడు. మార్చి 16న ఇన్యా సరస్సు పక్కన ఊరేగింపును చుట్టుముట్టి కొట్టినారు. రెండు రోజుల తరువాత పట్టుకున్నవాళ్లను ఒక పోలీసు వ్యానులో కుక్కితే 41 మంది ఊపిరాడక చచ్చిపోయినారు. ఈ సంగతి ప్రభుత్వమే జూలైలో ఒప్పుకుంది. జూలై 23న నే విన్ పార్టీ పదవి వదిలినాడు. పోతూ పోతూ, సైన్యం కాల్చేది గాలిలోకి కాదు, తగిలేటట్టే కాలుస్తుందని బెదిరించి పోయినాడు.

అప్పుడు నేను మద్రాసులో రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాను. మా సెక్షన్‌లో రంగూన్‌లో పుట్టిన తెలుగాయన ఒకరు ఉండినారు. ఆయనకు బర్మా భాష బాగా వచ్చు. రాత్రి ఢిల్లీ ఆకాశవాణి బర్మా ప్రసారం, లండన్ బీబీసీ బర్మా ప్రసారం విని, పొద్దున్నే మాకు తెలుగులో చెప్పేవాడు. మేము బీబీసీ తమిళోసైలో విన్నదానితో సరిచూసుకునేవాళ్లం. బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ అంగళ్లలో ట్రాన్సిస్టర్ చుట్టూ నలుగురైదుగురు గుమిగూడి నిలబడేవాళ్లు. ఢిల్లీ బర్మా విభాగంలో పనిచేసినవాళ్లలో ఊ నూ కూతురు థాన్ థాన్ నూ కూడా ఉండినారు. పడగొట్టబడిన ప్రధాని కూతురు గొంతు సముద్రం మీదుగా సొంత ఊరికి పోతుండింది.

ఇందులో ఒక వింత చూడండి. రంగూన్ పత్రికలు ప్రభుత్వానివి, వాటిలో ఏమీ రాదు. తమ వీధిలో జరిగింది తెలుసుకోవడానికి రంగూన్ జనం కూడా లండన్, ఢిల్లీ రేడియోలే పెట్టుకున్నారు. ఎమర్జెన్సీలో మనం మన దేశం సంగతి బీబీసీలో విన్నట్టే. ఆగస్టు 6న బీబీసీ విలేకరి క్రిస్టఫర్ గన్నెస్ చేసిన ఇంటర్వ్యూలు వచ్చినాయి. 8వ తేదీన, అంటే 8-8-88న దేశమంతా సమ్మె అన్న మాట అందులో వచ్చింది. మద్రాసులో మేము విన్నదీ, మాండలేలో వాళ్లు విన్నదీ ఒకే మాట. మేము రేడియో ఆపి పడుకున్నాం, వాళ్లు రేడియో ఆపి రోడ్డు మీదికి పోయినారు. దూరం నుంచి వినేవాడికీ అక్కడ నిలబడేవాడికీ ఉన్న తేడా అంతా ఇదే.

ఆ పొద్దు 8 గంటల 8 నిమిషాలకు మొదట పని వదిలి బయటికి వచ్చింది రంగూన్ రేవు కార్మికులని ఆ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. 1930లో మన కూలీలూ బర్మా కూలీలూ ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్న ఆ రేవే. పగలంతా లక్షల మంది ఊరేగినారు. రాత్రి సైన్యం కాల్పులు మొదలుపెట్టింది. ఆగస్టు 10న రంగూన్ జనరల్ ఆసుపత్రి ముందర గాయపడినవాళ్లను చూసుకుంటున్న నర్సుల మీద కూడా కాల్చినారు. 12న నే విన్ తరువాత వచ్చిన సెయిన్ ల్విన్ దిగిపోయినాడు. ఆగస్టు 26న ష్వేడగాన్ గోపురం దగ్గర ఆంగ్ సాన్ సూచీ మాట్లాడినారు. ఆమె తల్లి ఢిల్లీలో బర్మా రాయబారి, ఆమె చదివింది ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి ఆ వసంతంలోనే ఇంగ్లండు నుంచి వచ్చి ఉండినారు.

మా సెక్షన్ ఆయన తల్లి 1964లో రంగూన్ రేవులో చేతి గాజులు తీసి ఇచ్చి ఓడెక్కిన మనిషి. ఆ ఆగస్టులో కొడుకు ఇంటికి రాగానే "ఈ పొద్దు ఏమైందిరా?" అని మొదట అడిగేది ఆ తల్లే. ఆసుపత్రి సంగతి విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదని ఆయన చెప్పినాడు. గాజులు తీసుకున్నదెవరో ఆమెకు బాగా తెలుసు. ఇప్పుడు ఆ పిల్లల మీద కాలుస్తున్నదీ వాళ్లే అని కూడా తెలుసు.

సెప్టెంబరు 18న జనరల్ సా మౌంగ్ పేరుతో సైన్యం నేరుగా అధికారం తీసుకుంది. చచ్చినవాళ్లు సుమారు 3,000 అని బయటివాళ్ల అంచనా. ప్రభుత్వం ఒప్పుకున్నది కొన్ని వందలే. వేల మంది విద్యార్థులు సరిహద్దులు దాటినారు. మిజోరం, మణిపూర్‌లలో మన ప్రభుత్వం వాళ్లకు శిబిరాలు పెట్టింది. 1990 మే ఎన్నికల్లో సూచీ పార్టీ 392 స్థానాలు గెలిచినా సైన్యం దిగలేదు. కొన్నేళ్లకు మన ప్రభుత్వం కూడా సరిహద్దు వ్యాపారం, భద్రత చూసుకుని ఆ సైన్యంతోనే చేతులు కలిపింది. ప్రభుత్వాల లెక్కలు వేరు, తల్లుల లెక్కలు వేరు.

మనం ఉచితంగా విన్న ఆ వార్తకు వెల కట్టినవాళ్లు వేరే ఉన్నారు. బీబీసీకి సమాచారం పంపినాడని నే మిన్ అనే రంగూన్ వకీలుకు 14 ఏళ్ల శిక్ష వేసినారు. వార్తకు ఇంకో ముఖమూ ఉంది. పాలన కుప్పకూలిన ఆ ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లో నీళ్లలో విషం కలిపినారన్న పుకారు పుట్టింది. గూఢచారులని అనుమానం వచ్చినవాళ్లను జనమే పట్టి నరికిన సంఘటనలు జరిగినాయి. న్యాయమైన పోరాటంలో కూడా పుకారు మనిషిని చంపుతుంది.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను. "తరిమిన దేశం" అంటే ఎవరు? తరిమినది ఒక జనరల్ పాలన. జనంలో చాలామంది అప్పుడు ఊరకుండినారు, కొందరు సంతోషించినారు, అదీ నిజమే. ఆ ఊరక ఉండడానికి వాళ్లు కట్టిన వెల పెద్దది. 1982లో అదే పాలన పౌరసత్వ చట్టం చేసింది. 1823కు ముందునుంచి అక్కడ ఉన్న జాతులకే నిండు పౌరసత్వం, మిగిలినవాళ్లకు కింది తరగతి. పోకుండా అక్కడే ఉండిపోయిన మన తెలుగు కుటుంబాల మెడకూ ఆ చట్టం చుట్టుకుంది. దాని కిందే రొహింగ్యాలు ఏ దేశమూ లేనివాళ్లయినారు. 2017లో వాళ్లను ఊళ్లు కాల్చి తరిమితే, 2019 డిసెంబరులో సూచీయే హేగ్ కోర్టుకు పోయి సైన్యం తరఫున మాట్లాడినారు. ఆమెను నమ్మినవాళ్లకు అది పెద్ద దెబ్బ. ఏడాది రెండు నెలలు తిరగకముందే ఆ సైన్యమే ఆమెను జైల్లో పెట్టింది.

2021లో రోడ్డెక్కిన కుర్రవాళ్లు ఇక్కడ ఒక అడుగు ముందుకు వేసినారు. రొహింగ్యాలకు జరిగినప్పుడు నోరు మూసుకున్నందుకు క్షమించండని చాలామంది బహిరంగంగా రాసినారు. సైన్యానికి ఎదురుగా ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం 2021 జూన్ 3న ఆ 1982 చట్టాన్ని రద్దు చేస్తామని మాట ఇచ్చింది. అది నిలబడితే మన కోరంగి మనవళ్లకూ మేలే. అంటే ఆ పోరాటంలో మనకు నేరుగా పాలు ఉంది.

రైల్వేవాణ్ణి కాబట్టి ఇంకొకటి చెప్తాను. 2021 మార్చి 10న రంగూన్‌లో సమ్మె చేస్తున్న రైల్వే ఉద్యోగుల క్వార్టర్ల మీద సైన్యం, పోలీసులు పడి కుటుంబాలను బయటికి పంపినారు. 1974 మే రైల్వే సమ్మెలో క్వార్టర్లు ఖాళీ చేయించబడిన మా సీనియర్ల కథలు విని పెరిగిన ఉద్యోగం నాది. ఆ వార్త చదివితే అది పరాయి ఊరిది అనిపించలేదు.

సంఘానికి నా మనవి మూడు ముక్కల్లో. ఒకటి, 1964లో వచ్చిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు, వాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేసి పెట్టండి. పదేళ్లు పోతే అడగడానికి మనిషి ఉండడు. రెండు, బర్మా వీడియో ఏదైనా వస్తే తేదీ, ఊరు చూసుకోకుండా గ్రూపులో పెట్టవద్దు. మూడు, "అనుభవించనీ" అనే మాట వచ్చినప్పుడు, అనుభవిస్తున్నది ఎవరో ఒకసారి అడగండి. గాజులు తీసుకున్నవాళ్లు నేటికీ తుపాకి పట్టుకునే ఉన్నారు.

పెద్దవాళ్లకు తెలిసిన సంగతులు ఇంకా ఉంటాయి. కింద రాయండి, మా కాలంవాళ్లం చదువుకుంటాం.