సెల్యూట్ కొట్టలేదంటే ముందు పోలీసులున్నట్టే!

ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు రెండుసార్లు హెడ్‌లైట్ కొడితే, ముందు ఎక్కడో స్పీడ్ గన్ పెట్టుకుని పోలీసులు కాచుకున్నారని మన హైవేల మీద తిరిగేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి సైగ నూరేళ్ల కిందటే ఇంగ్లండ్‌లో కోర్టు మెట్లెక్కింది.

అక్కడ 1865 చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండి ఊళ్లో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు మించకూడదు. బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండాతో నడవాలి. అంటే హెచ్చరిక బోర్డు కాళ్లతో నడిచిన కాలమది! 1878లో జెండా పోయింది, మనిషి మిగిలాడు. 1896 జనవరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన కెంట్‌లోని ప్యాడక్ వుడ్ మీదుగా 8 మైళ్ల వేగంతో ‘దూసుకుపోతే’, కానిస్టేబుల్ సైకిల్ తొక్కుతూ వెంటపడి పట్టుకున్నాడు. ఒక షిల్లింగ్ జరిమానా, కోర్టు ఖర్చులు అదనం.

1903లో పరిమితి 20 మైళ్లయింది. పోలీసులు కొలిచిన దూరానికి రెండు చివరలా పొదల చాటున నక్కి, స్టాప్‌వాచీలతో కార్ల వేగం లెక్కకట్టేవారు. విసిగిపోయిన కార్ల యజమానులు 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. సైకిళ్ల మీద దాని మనుషులు రోడ్లపై తిరుగుతూ, ముందు వల పన్ని ఉందని డ్రైవర్లకు సైగ చేసేవారు. ప్రమాదకరమైన చోట్ల ఈ సంఘం హెచ్చరిక బోర్డులు కూడా నాటింది. పోలీసుల్ని తప్పించుకునేందుకు పుట్టినవాళ్లు రోడ్డు భద్రతకు పనికొచ్చారు!

1910లో కోర్టు ఆ సైగలకు అడ్డుకట్ట వేసింది. అప్పటికే పరిమితి దాటి వెళ్తున్నవాడికి ముందే చెప్పి సాక్ష్యం దొరక్కుండా చేయడం పోలీసుల విధికి అడ్డుపడటమేనంది. సంఘం తక్కువ తిన్నదా? తన బ్యాడ్జీ ఉన్న ప్రతి కారుకూ మనుషుల చేత సెల్యూట్ కొట్టించింది. కొట్టలేదంటే, ఆగి కారణమేమిటో అడగాలి. చేయి ఎత్తనందుకు ఎవరి మీద కేసు పెడతారు? ఆ సెల్యూట్ 1960ల తొలినాళ్ల దాకా సాగింది.

1930లో కార్లకు వేగ పరిమితినే ఎత్తేశారు. నా దృష్టిలో ఇదొక పెద్ద పొరపాటు. 1934లో రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా హయాంలో 1935 మార్చి 18 నుంచి జనావాసాల్లో 30 మైళ్ల పరిమితి అమల్లోకి వచ్చింది.

ఆ తర్వాత బోర్డులు ఊరూరా వెలిశాయి. ఎప్పుడూ కనబడేది కళ్లకు ఆనదు. అందుకే కొత్తరకం బోర్డు మామూలుగా నల్లగా, ఖాళీగా ఉంటుంది. వచ్చే బండి వేగాన్ని రాడారో, రోడ్డులో పాతిన తీగచుట్టో పసిగడుతుంది. హద్దు మీరితేనే దీపాలు వెలిగి పరిమితి కనిపిస్తుంది. ఫొటో తీయదు, చలానా పంపదు. పాత సైకిల్ మనిషి పనే ఇది. కాకపోతే ఇప్పుడు జీతమిచ్చేది ప్రభుత్వం.

నార్‌ఫోక్, కెంట్ వంటి కౌంటీల్లో ఇలాంటి బోర్డులను బ్రిటన్ రవాణా పరిశోధన సంస్థ టీఆర్‌ఎల్ పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చింది. ప్రమాదాలు సగటున మూడోవంతు తగ్గాయి. మూడేళ్లు గడిచినా డ్రైవర్లు వాటిని లెక్కచేయడం మానలేదు.