నాయనమ్మ ఓటు, నా ఓటు

1967లో ఓటేసి వచ్చిన మా నాయనమ్మ అరుగు మీద కూలబడి కళ్ళొత్తుకుంది. "కాయితం మడతవెడితె సిరా అటుపక్క గూడ అంటింది బిడ్డా, నా ఓటు పాయె!" మాది నల్లగొండ దగ్గర పల్లె. ఆవిడకు అక్షరం ముక్క రాదు.

1952లో ఈ బెంగే లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాయితం తీసుకెళ్ళి నచ్చిన పెట్టెలో వేసి రావడమే. మా నల్లగొండ రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికన్నా ఎక్కువ ఓట్లు వేసింది ఆ పెట్టెల్లోనే! గుద్దే ముద్ర 1962 ఎన్నికలనాటికి వచ్చింది.

నాన్న ఆవిడకు నచ్చజెప్పాడు. ఆ సీలులో బాణాల కొసలు ఒకే వైపు తిరిగి ఉంటాయి. తడి సిరా అంటుకున్న మరక అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది కనక అసలు ముద్ర ఏదో తెలిసిపోతుంది. ముద్ర మసకగా పడ్డా, ఒకే పేరు మీద రెండుసార్లు గుద్దినా, ఎవరికి వేశారో తేలితే 1961 నిబంధనల ప్రకారం ఓటు చెల్లుతుంది. ఇద్దరికీ గుద్దితే చెల్లదు. ఓటరెవరో తెలిసేలా గుర్తు పెట్టినా చెల్లదు.

1996లో మా జిల్లా ఇంకో వింత చూసింది. ఫ్లోరైడు నీళ్ళ గోడు ఢిల్లీకి వినపడాలని జనం పోటీగా నామినేషన్లు వేస్తే, పార్లమెంటు సీటుకు 480 మంది నిలబడ్డారు. బాలెట్ పత్రం పుస్తకమైంది! ఆ ఏడే ధరావతు 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు.

ఇక నా సంగతి. 2024 మేలో నల్లగొండ–ఖమ్మం–వరంగల్ పట్టభద్రుల ఉప ఎన్నిక. 52 మంది అభ్యర్థులు. ఇక్కడ సీలుండదు, వాళ్ళిచ్చిన పెన్నుతో పేరు ఎదుట 1, 2 అని అంకెలు వెయ్యాలి. ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి కదండీ, నచ్చిన పేరు ఎదుట చక్కగా రైటు కొట్టి వచ్చాను. గోడ మీది సూచనలు చదవలేదు, చదువుకున్నదాన్నని ధీమా! ఎవరికి వేశానో పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ ఒకటో అంకె లేని ఓటు ఓటు కాదు.

పోలైన 3,36,013లో 25,824 చెల్లలేదు. అన్నీ డిగ్రీ చదివినవాళ్ళవే. అందులో నాదొకటి. మావారికి ఇంకా చెప్పలేదు.