తిమింగిల తైలమూ, వేరుశనగ నూనె

ఆస్పరి మండలంలోని కైరుప్పల పేరు వినగానే ఉగాది మరునాటి పిడకల సమరం స్ఫురిస్తుంది. ఆ చుట్టుపట్ల పల్లెలకు వానను నమ్ముకున్న వేరుశనగ పైరు కూడ అంత పరిచితమే. ఆ కాయ బస్తాలకెక్కి ఆదోని అంగడికి చేరుతుంది. మిల్లులో నూనె, చెక్క వేరవుతాయి. సముద్రమెరుగని ఈ నేలలోని నూనెకూ, మంచుకడలిలోని తిమింగిలపు కొవ్వుకూ చరిత్రలో ఒక చుట్టరికం ఉన్నదంటే శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును.

1902లో విల్‌హెల్మ్ నోర్మన్ అనే జర్మన్ రసాయనవేత్త నూనెను గట్టిపరచే విధానానికి పేటెంటు పొందాడు. కాగిన నూనెలోనికి నికెల్ పొడి సాయంతో హైడ్రోజన్ వాయువును పంపితే నూనె పేరుకుంటుంది. ఐరోపాలో తిమింగిల తైలం ఈ విధంగానే రొట్టెపై రాసుకునే మార్గరీన్‌గా మారింది. ఆ తైలం కోసం దక్షిణ సముద్రాలలో లక్షల తిమింగిలాలు హతమైనవి. మన దేశంలో అదే విద్య వనస్పతిని పుట్టించింది. 1937లో డాల్డా డబ్బాలు అంగళ్లకు వచ్చినవి. ఆ రోజులలో వనస్పతికి ముఖ్యమైన ముడిసరుకు వేరుశనగ నూనెయే. నేయి కొనే తాహతు లేని ఇంట పండుగపూట ఆ డబ్బాయే నేయి అయింది.

గట్టిపడక మునుపు కడలి కొవ్వు గుణం వేరు. సముద్రపు సూక్ష్మమైన నాచులో పుట్టే ఒమేగా-3 ఆమ్లాలు చేపల ద్వారా సీలు జంతువులకు సంక్రమిస్తాయి. చలిలోను గడ్డకట్టకపోవడం వాటి స్వభావం. 1970లో బాంగ్, డయర్‌బర్గ్ అనే డెన్మార్కు వైద్యులు గ్రీన్‌లాండుకు వెళ్లి, సీలు మాంసం తినే ఇన్యూయిట్ ప్రజల రక్తాన్ని పరీక్షించారు. డెన్మార్కువాసుల రక్తంలోకంటె అందులో కొలెస్టరాల్ తక్కువగా ఉన్నదని 1971లో ప్రకటించారు. కొవ్వు తిన్న ప్రతివారికీ గుండె చెడుతుందన్న నమ్మకం దీనితో సడలింది. అయితే అక్కడ గుండెజబ్బులు నిజంగా అరుదా అన్నది తరువాత వివాదమైంది. అట్టి ఆహారానికి తగిన జన్యువులు వారికి అమరినవని 2015లో తేలింది. కనుక వారి భోజనమే మనకు ఔషధమని చెప్పజాలము.

గట్టిపరచిన నూనె విషయంలో మాత్రం తీర్పు స్పష్టం. సగం గట్టిపడిన నూనెలో ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. ఇవి చెడు కొలెస్టరాల్‌ను పెంచి, మంచిదానిని తగ్గిస్తాయని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ, నేటి జాతీయ పోషకాహార సంస్థ, వనస్పతిలోని ఈ కొవ్వులను పరిశోధించింది. 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలలోను, వనస్పతిలోను ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదన్న నియమం అమలులోకి వచ్చింది.

ఇందులో వేరుశనగ చేసిన తప్పు లేదు. దాని నూనెలో సుమారు సగం ఒలీయిక్ ఆమ్లమే. అది గుండెకు కీడు చేసేది కాదు. ఒమేగా-3 కొరత మాత్రం ఉన్నది. దానిని అవిసెలు కొంతవరకు తీర్చగలవు. నేతికి నోచుకోని ఇల్లే ఆ డబ్బాకు మూల్యం తన గుండెతో చెల్లించిందన్నది మనం మరువరాని మాట. నూనె ఏ గింజదని అడగడంతో ఆగక, దానిని ఏమి చేసి మనకిచ్చారని కూడ అడగడం మన ఇంటికి మేలు.