పనికిరాని డబ్బా

గండిలో బంగారు తోరణం చూసినవాళ్ళు ఎక్కువ కాలం బతకరని మా వైపు ఒక మాట. వేంపల్లె దాటి పోతే, పాపాఘ్ని నది కొండను చీల్చుకొని బయటపడే చోటు అది. లంక నుంచి రాముడొస్తున్నాడని వాయుదేవుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తోరణం కట్టాడట. అది అందరి కంటికీ ఆనదు. వెతుక్కుంటూ పోయినవాళ్ళకు అసలే ఆనదు. మన్రో దొరకు మాత్రం కనపడిందంటారు.

థామస్ మన్రో 1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఏడేళ్ళు గుడారాల్లో తిరిగి రైతువారీ శిస్తు కుదిర్చాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. ఆఖరి పర్యటనకు మళ్ళీ మా సీమకే వచ్చాడు. గండి దారిలో పోతూ తలెత్తి చూసి, లోయకు అడ్డంగా కట్టిన ఆ దండ ఎంత బాగుందోనని మురిసిపోయాడట. పక్కనున్నవాళ్ళకు రాయీ ఆకాశం తప్ప ఇంకేమీ కనపడలేదు. పరివారంలో ఒక ముసలాయన మాత్రం, దొర ఇక ఎన్నాళ్ళో ఉండడని గొణిగాడట. 1827 జులై 6న పత్తికొండలో మన్రో కలరాతో పోయాడు. తేదీ నిజం, జబ్బు నిజం. తోరణం సంగతి ఎవరి నమ్మకం వాళ్ళది. ఆయన పోయాక కూడా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే, జనానికి ఆయన మీద అభిమానం ఉండిందని మాత్రం తెలుస్తుంది.

నేను ఫోటోలు తీసి బతికేవాణ్ణి కాబట్టి ఈ కథలో నాకు ఇంకో లెక్క కనపడుతుంది. మన్రో గండి దారిలో పోయాడంటున్న ఆ రోజుల్లోనే, 1826లోనో 1827లోనో, ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన తన మేడ కిటికీ దగ్గర పెట్టె పెట్టి, తారు పూసిన రేకు మీద ఎదురుగా ఉన్న కప్పులనూ గోడలనూ నిలబెట్టాడు. ఇప్పటికీ మిగిలి ఉన్న మొదటి కెమెరా ఫోటో అదే. దానికి గంటల తరబడి ఎండ కావాల్సి వచ్చింది. ఆ పెట్టెను ఎవరైనా గండికి మోసుకొచ్చినా మన్రో చూసిన దండ అందులో పడేది కాదు. రెప్పపాటులో కనపడి పోయేదాన్ని పట్టే శక్తి ఫోటోకు చాలాకాలం తర్వాత గానీ రాలేదు. మొదట్లో అది కదలనివాటి విద్య. గుడి, కోట, కొండ, తల వెనక ఇనుప పట్టె ఆనించి కూర్చోబెట్టిన మనిషి.

1856లో మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ పెట్టారు. లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ప్రెసిడెన్సీకి సర్కారీ ఫోటోగ్రాఫరయ్యాడు. మధుర, తంజావూరు, శ్రీరంగం ఆలయాలను పెద్ద పెద్ద నెగటివుల మీద తీశాడు. ఆ ఫోటోల్లో మా జిల్లా గండికోట లేదు, గండి అంతకన్నా లేదు. నాకిది చిన్న కడుపుమంట.

మా ఊరు వేంపల్లెకు ఫోటో నా చిన్నప్పటికి ముందే వచ్చింది గానీ, నాకు తెలిసిన కథ మా మేనమామ స్టూడియోతో మొదలవుతుంది. బస్టాండు దగ్గర రెండు గదులు. ముందు గదిలో తెర మీద చెరువు, చెరువులో హంసలు. మా పాపాఘ్నిలో హంసలేం ఖర్మ, ఎండాకాలంలో నీళ్ళు కూడా ఉండవు. వెనక గది డార్క్ రూమ్, ఎర్ర బల్బు, హైపో వాసన. బయటి పనికి 120 రీలు వేసే కెమెరా. ఒక రీలుకు పన్నెండు ఫోటోలు. నలుపు తెలుపుకు ఊటీలో తయారయ్యే 'ఇందు' ఫిల్మో, దొరికితే తూర్పు జర్మనీ ఓర్వోనో. పన్నెండింట్లో ఒకటి పాడైతే ఆ పూట లాభంలో కోత పడినట్టే. అందుకే మామ చేతిలో కెమెరా ఉంటే ఊరంతా ఊపిరి బిగబట్టాల్సిందే. "కదలద్దండి, రెప్పెయ్యద్దండి, పల్లు కనపడగూడదు." పెళ్ళికొడుకు నుంచి శవం దాకా, కుర్చీలో కూర్చోబెట్టి తీసే ఫోటో అందరికీ ఒక్క తీరే.

గండి గుడిలో శ్రావణ శనివారాలు మాకు పంట. గుండు కొట్టించుకున్న పిల్లలు, కొత్త బట్టల్లో పెద్దలు, వెనకాల కొండ. ఒక శనివారం ఒక కుటుంబాన్ని వరసగా నిలబెట్టాను. కెమెరా నా చేతికిచ్చిన కొత్త. మీట నొక్కబోతుంటే ఒక కోతి ముసలమ్మ చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కొని పోయింది. ఆమె కొంగు జారింది, కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, గుండు పిల్లోడు ఎగిరి చప్పట్లు కొట్టాడు. నొక్కేశాను. ఆ క్షణాన ఒంట్లో పాకిన సంబరం ఇప్పటికీ దేంట్లోనూ దొరకదు. నేను అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు, అయినా చేతికొచ్చింది.

మామ దూరం నుంచి చూశాడు. "ఏం రా అబ్బీ, రీలు మీ నాయన కొనిచ్చినాడా?"

ఆ కుటుంబం కూడా ఆ ఫోటో తీసుకోలేదు. "పల్లికిలిస్తా ఉండేది ఎవురికి కావల్ల నాయనా, మంచిది ఇయ్యి" అందా ముసలమ్మ. మళ్ళీ తీసినదానికే డబ్బులిచ్చారు. నెగటివు కత్తిరించి మామ ఒక రేకు డబ్బాలో పడేశాడు. డబ్బా మీద పెన్సిలుతో 'పనికిరానివి' అని రాసి ఉండేది. గుంపు ఫోటోకు అడ్డంగా పోయిన బస్సు, పెళ్ళిపీటల వెనక నిద్రపోతున్న పురోహితుడు, గాలికి లేచిన తెర వెనక బయటపడిన మా సున్నం గోడ, అన్నీ అందులోకే. పారేయలేదు ఎందుకంటే పాత నెగటివుల్లో వెండి ఉంటుంది, ఎప్పుడైనా కొనేవాడు వస్తాడని మామ ఆశ.

అనుకోకుండా పడిన ఫోటోకు మా స్టూడియోలో మొదటిసారి ధర పలికింది కువైట్ వల్ల. కడప జిల్లా సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఇంటికొకరు ఆ ఎడారిలో ఉన్న పల్లెలు మా చుట్టూ ఎన్నో. పాస్‌పోర్టు సైజు ఫోటోలే మమ్మల్ని కొన్నేళ్ళు పోషించాయి. ఒకామె అక్కడ ఇంటిపనికి పోయింది. బిడ్డ ఫోటో పంపాలని అవ్వ పిల్లను తీసుకొచ్చింది. పిల్ల ఒక చోట నిలవదు. ఒక ఫోటోలో నాలుక బయటపెట్టి, చెప్పు ఒకటి ఊడి, తెరలోని హంస మీదికి పరిగెత్తుతోంది. ఇంకోదాంట్లో పద్ధతిగా నిలబడింది. అవ్వ పద్ధతైనది ఎంచుకుంది. నేను మొదటిది కూడా ఊరికే కవర్లో పెట్టాను. కొన్నాళ్ళకు అవ్వ మళ్ళీ వచ్చింది. "ఆ నాలిక బైట పెట్టిందాన్నే పెద్దది జేపియ్యమంట. దుడ్లు పంపిచ్చింది." దగ్గరున్నవాళ్ళకు బిడ్డ రోజూ గెంతుతూనే ఉంటుంది, వాళ్ళకు నిలబడిన బిడ్డ కావాలి. దూరాన ఉన్న తల్లికి కావలసింది ఆ గెంతే.

అడవి జంతువుల ఫోటో సంగతి దీనికి తలకిందులు. అక్కడ ఎవరినీ నిలబెట్టలేరు. ఉత్తరాదిన ఛాంపియన్ అనే అటవీ అధికారి పులి నడిచే దారిలో తీగ కట్టి, దాని కాలు తగలగానే ఫ్లాషు వెలిగి బొమ్మ పడే ఏర్పాటు చేశాడు. ఆయన పులుల పుస్తకం 1927లో అచ్చయింది, మన్రో పోయిన నూరేళ్ళకు సరిగ్గా. అనుకోనిదాన్ని పట్టడానికి అంత ముందస్తు ఏర్పాటు! ఆ తమాషా నాకు బాగా తెలిసొచ్చింది మా జిల్లా పిట్ట వల్లనే.

కలివికోడి. కలివి పొదల మధ్య బయలు నేలల్లో రాత్రిపూట తిరిగే పిట్ట. జానెడు మీద కొంచెం పొడుగు, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు. జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు సేకరించిన పిట్టల వల్ల 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర ఒకాయన చూశాక మళ్ళీ ఎవరి కంటా పడలేదు. ఎనభై ఏళ్ళకు పైగా పుస్తకాలు దాన్ని అంతరించిపోయినదాని కిందే లెక్కేశాయి. వెతికినవాళ్ళు లేకపోలేదు. సలీం అలీ వంటి వారూ వెతికారు. కాకపోతే వెతుకులాట పగటి పూట సాగింది, పిట్ట రాత్రి పూట తిరిగింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ తూర్పు కనుమల సర్వేకు వచ్చి, ఊరూరా పిట్ట బొమ్మ చూపించి అడిగాడు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టే ఒకాయన, రాత్రి టార్చిలైటు వెలుగులో బిత్తరపోయి నిలబడిన దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. ప్రపంచం అంతరించిందనుకున్న పిట్ట ఆయన చేతిలో రెక్కలు కొట్టుకుంది. పాపం అది ఎన్నాళ్ళో బతకలేదు. ఆ వార్త మాత్రం లోకమంతా తిరిగింది.

లోకానికి అది తిరిగి కనుగొనడం. ఆ ఊళ్ళ రాత్రి వేటగాళ్ళకు తిరిగి ఏమిటి, వాళ్ళ దృష్టిలో అది ఎక్కడికి పోయింది గనక? ఈ విషయంలో శాస్త్రవేత్తల కన్నా నేను టార్చిలైటు పక్షమే.

1988లో లంకమల కొండల్లో అభయారణ్యం వచ్చింది. 2000 తర్వాత జెగనాథన్ అనే పరిశోధకుడూ ఆయన తోటివారూ పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు. వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు కట్టారు. దాని కూత కూడా రికార్డు చేశారు. ఆ కెమెరాల్లో రాత్రంతా పడేవి ఏమిటో నేను ఊహించుకోగలను: కుందేలు, ముంగిస, మేతకొచ్చిన ఎద్దు, గాలికి ఊగిన కొమ్మ. మామ డబ్బాలాంటిదే వాళ్ళ దగ్గరా ఒకటి నిండి ఉండాలి. 2005లో తెలుగుగంగ కాల్వ తవ్వకం ఆ పొదల మీదికే వచ్చినప్పుడు, వివాదం సుప్రీంకోర్టు దాకా పోయి చివరికి కాల్వ దారి మారింది. ఎవరూ సరిగ్గా చూడని పిట్ట కోసం కాల్వ పక్కకు జరిగిందంటే మా ఊళ్ళో చాలామంది నవ్వారు. నీళ్ళు లేని సీమ కదా, నవ్విన వాళ్ళను నేనేమీ అనలేను. ఆ తర్వాత పిట్ట మళ్ళీ చాలా ఏళ్ళు జాడ ఇవ్వలేదు. 2025లో పక్షి ప్రేమికుల బృందం ఒకటి దాని కూతను మళ్ళీ పట్టుకొచ్చింది. దొరికింది కూతే.

అప్పటి నుంచి కుర్రాళ్ళు నన్ను అడుగుతూ ఉంటారు, "అన్నా, కలివికోడిని తీసేదానికి యాడికి పోవల్ల?" అని. పోవద్దంటాను. అడవిలోకి అనుమతి లేకుండా పోవడం నేరం, కూత వినిపించి పిట్టను బయటికి పిలవడం దానికి చేటు. ఇడుపులపాయ దారిలో పొద్దున్నే పొండి, నెమళ్ళు శెనక్కాయ చేలల్లో రైతుతో కొట్లాడుతుంటాయి అంటాను. నెమలి అంటే వాళ్ళకు చప్పగా ఉంటుంది.

మరి ఇప్పుడు రీలు ఖర్చు లేదు. ఒక పెళ్ళికి వేల ఫోటోలు తీసినా కార్డు నిండదు. పల్లు కనపడగూడదన్న జనమే ఇప్పుడు 'క్యాండిడ్' కావాలంటారు, దానికి రేటు వేరు. గండికోటలో, పెన్న ఎర్రమల కొండను కోసిన ఆ అంచు మీద, ప్రీ వెడ్డింగ్ జంటలు వరసలో నిలబడతాయి. పైన డ్రోను. నా శిష్యుడొకడు అరుస్తాడు: "అక్కా, అనుకోకుండా వెనక్కి తిరిగినట్టు తిరుగు! బావా, అప్పుడే చూసినట్టు చూడు! మళ్ళా ఒకసారి!" తొమ్మిదోసారికి పెళ్ళికూతురికి నిజంగానే కోపమొస్తుంది. వాడు కెమెరా దించేస్తాడు. తీయాల్సింది ఆ కోపాన్ని అని చెప్తే వినడు, పార్టీ ఒప్పుకోదంటాడు. అది నిజమే. మామ కాలంలోనూ పార్టీ ఒప్పుకోలేదు.

మామ పోయాక డబ్బా నాకొచ్చింది. వెండి కొనేవాడు రాలేదు. కొన్ని నెగటివులు అంటుకుపోయాయి, కొన్నింటికి బూజు పట్టింది. మిగిలినవి స్కాన్ చేయించి, ఒక్కొక్కటి పెద్దది చేసి స్టూడియో గోడకు తగిలిస్తున్నాను. మామ 'మంచివి' అని దాచిన ఫోటోల్లో అన్ని ముఖాలూ ఒకటే. డబ్బాలోనేమో పాత బస్టాండు చింతచెట్టు ఉంది, సోడా బండి ఉంది, ఇప్పుడు లేని మిద్దెలు ఉన్నాయి, ఆడవాళ్ళ నవ్వులు ఉన్నాయి. వేంపల్లె చరిత్ర ఎవరైనా రాస్తే అక్కడి నుంచే రాయాలి.

మొన్న ఆర్టీసీలో పనిచేసి రిటైరైన ఒకాయన పాస్‌పోర్టు ఫోటోకు వచ్చి, గుంపుకు అడ్డంగా పోయిన బస్సు ఫోటో ముందు ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"ఇది నా బండి."

"ఎట్ల చెప్తావన్నా, నంబరు కనపడలేదే?"

"ముందర అద్దం పక్కన సొట్ట జూడు. ఎద్దులబండి తగిలిచ్చుకున్యా. డిపోలో నాకు మెమో కూడా ఇచ్చిరి." ఇంకాసేపు చూసి అడిగాడు, "నాకొకటి ఇయ్యి. ఎంత?"

చెప్పాను.

"పాడైపోయిన ఫోటోకు గూడ దుడ్లా?"