మణికట్టు విచ్ఛేదం
మణికట్టు కీలు వద్ద చేతిని కోల్పోవడం. పాకాల చుట్టుపక్కల చిత్తూరు సీమలో బెల్లం వండే రైతుకు చెరకు గానుగలో ఇది ఎరిగిన ప్రమాదమే. తెగిన చేతిని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీళ్లలో ఉంచాలి. నేరుగా ఐసుపై పెట్టకూడదు. చల్లబరచకుండా సుమారు 6 గంటలు దాటితే అతికించే అవకాశం సన్నగిల్లుతుంది. గానుగ రోలర్లలో నలిగిన చేతికి ఆ అవకాశం మొదటి నుంచే తక్కువ.

అతకనప్పుడు కీలు దగ్గరే తొలగిస్తే ముంజేతి ఎముకలు రెండూ నిలిచి, చెయ్యి అటూ ఇటూ తిప్పే శక్తి చాలావరకు మిగులుతుంది. ఇది చిన్న లాభం కాదు. పొడవు మిగలడంతో కృత్రిమ మణికట్టు అమర్చే చోటు మాత్రం ఇరుకవుతుంది. లేని వేళ్లలో నొప్పి పుట్టడం మామూలే, 1990లలో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ప్రతిపాదించిన, ఉన్న చేతి ప్రతిబింబాన్ని చూపే అద్దం చికిత్స కొందరికే ఉపశమనమిస్తుంది. తిరుపతిలో టి.టి.డి. నడిపే బర్డ్ ఆసుపత్రి కృత్రిమ అవయవాలు అమరుస్తుంది. వికలాంగుల పింఛనుకు వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కావాలి.