మూసీ వరద: పట్టణ క్షేమము, సంఘ బాధ్యత



ఈ దినము మనము ధ్యానించబోయే భాగము ఆదికాండము 41వ అధ్యాయము. యోసేపు ఫరో ఎదుట నిలిచిన సంగతి మీకు తెలుసు. అక్కడికి వెళ్లకముందు మిమ్మల్ని ఒక్కసారి మన హైదరాబాదు పాతబస్తీకి తీసుకొని వెళ్లాలని ఆశపడుతున్నాను. దయచేసి నాతో కూడా రండి.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వాన మీకు జ్ఞాపకమే. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ, ఇంకా హాఫిజ్ బాబానగర్ వంటి చోట్ల ఇండ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ వారములో అటువైపు కాపురముంటున్న మా సంఘపు సహోదరి ఒకామెను చూడడానికి వెళ్లాను. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, ఆమె పొట్టపోసుకొనే కుట్టుమిషను, అన్నీ బురదలో ఉన్నాయి. ఆమె నాతో రెండు మాటలు అన్నది. మొదటి మాట: "అయ్యగారూ, మొదటి రోజు మాకు అన్నం తెచ్చింది మసీదు పిల్లలు." రెండవ మాట: "ఇది దేవుని ఉగ్రతేనా అయ్యగారూ? మేము ఏం పాపం చేశాము?"

ప్రియులారా, నేను వేదాంత కళాశాలలో చదివినవాడిని. ఇటువంటి ప్రశ్న మీద పరీక్ష వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని. అయినా ఆ బురదలో నిలబడి ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ప్రార్థన చేసి వచ్చేశాను. మొదటి మాట నన్ను సిగ్గుపరచింది. రెండవ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ రెండు మాటలే నన్ను 1908 సంవత్సరములోనికి తీసుకొని వెళ్లాయి.

1908 సెప్టెంబరు 27 ఆదివారము. ఆ రాత్రి వాన ఆగలేదు. తెల్లవారితే 28, సోమవారము. మూసీ, దానిలో కలిసే ఈసీ పొంగి పట్టణము మీదికి వచ్చాయి. అఫ్జల్ పుల్, ముసల్లంజంగ్ పుల్, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి. 1578లో కుతుబ్‌షాహీల కాలములో కట్టిన పురానాపుల్ నిలిచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోయింది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చనిపోయినవారు సుమారు 15,000 మంది అని అంచనా. నగరములో దాదాపు నాల్గవ వంతు మంది గూడు లేనివారయ్యారు. ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఇంటిల్లిపాదిలో ఆయన ఒక్కడే మిగిలాడు.

ఇప్పుడు చెప్పండి, అమ్జద్ ఇంటివారు చెట్టు ఎక్కినవారికంటె ఎక్కువ పాపులా? లూకా సువార్త 13వ అధ్యాయములో మన ప్రభువు ఇదే ప్రశ్న వేశాడు. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయారు. వారు యెరూషలేములో ఉన్న మిగిలినవారందరికంటె అపరాధులని అనుకొంటున్నారా అని అడిగి, కాదని ఆయనే చెప్పాడు. చచ్చినవాని పాపము లెక్కపెట్టుటకు ఆయన ఎవరికీ అధికారమివ్వలేదు. బ్రతికినవారిని మారుమనస్సు పొందమన్నాడు. విపత్తు వచ్చినప్పుడు బాధితుని వైపు వేలు చూపే బోధ ఎంత గట్టిగా వినిపించినా అది ప్రభువు బోధ కాదు. ఆ సహోదరికి ఆ దినమున నేను చెప్పవలసిన మొదటి జవాబు ఇదే.

అయితే బ్రతికినవారు ఏమి చేశారు? గమనించండి. అప్పటి పాలకుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. ఆయన ముస్లిము. ఆయన దివాను మహారాజా కిషన్ పెర్షాద్ హిందువు. నిరాశ్రయుల కొరకు నిజాము తన మహలుల తలుపులు తెరిపించాడు. అన్నము వండి పెట్టే ఏర్పాట్లు జరిగాయి. బాధితుల కొరకు పనిచేసినవారిలో సరోజినీ నాయుడుగారు ఒకరు. ఆ సేవకే 1911లో ప్రభుత్వము ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకము ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ హత్యాకాండ తరువాత ఆమె ఆ పతకమును తిరిగి ఇచ్చివేశారు.

నిజాము స్వయముగా మూసీ ఒడ్డుకు వచ్చి, నదికి చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని పాతబస్తీ పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటారు. ప్రియులారా, మనము నదికి మ్రొక్కము. నదిని చేసినవానికే మ్రొక్కుతాము. ఆ విషయములో నాకు సందేహము లేదు. కాని ఆ కథను జనము ఎందుకు వందేళ్లు దాటి మోసుకొచ్చారని ఆలోచించాను. తన మతము కాని ప్రజల దుఃఖము దగ్గరికి రాజు దిగి వచ్చాడని వారు నమ్మారు. ఆ నమ్మకమే వారికి ఓదార్పు. మన దగ్గరికి దిగి వచ్చిన ప్రభువును ప్రకటించే మనము, పొరుగువాని వాకిలి వరకైనా దిగుతున్నామా?

దుఃఖము తీరగానే కథ ముగిసిపోలేదు. ఇంకొక వరద రాకుండా ఏమి చేయాలన్నది తరువాతి ప్రశ్న. దానికొరకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన 1909లో వచ్చి మొదట లెక్క తీశారు. మూసీకి నీరు చేర్చే ప్రాంతములో 788 చెరువులు ఉన్నాయి. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు గట్టు తెగితే ఆ నీరు క్రింది చెరువు మీద పడుతుంది. అది తెగి దాని క్రిందిదాని మీద పడుతుంది. అలా వచ్చిన నీరంతా పట్టణము మీద పడింది. వాన ఆకాశమునుండి వచ్చిన మాట నిజమే. గట్టును కాచుకొనే పని మాత్రము దేవుడు మనిషికి అప్పగించాడు. ఆ సహోదరికి నేను చెప్పవలసిన రెండవ జవాబు ఇది. 2020లో కూడా పాతబస్తీ కాలనీల మీదికి వచ్చినది పల్లె చెరువు, గుర్రం చెరువు వంటి చెరువుల నీరే గదా!

ఇప్పుడు ఆదికాండము 41కి రండి. ఏడు సంవత్సరముల కరవు రాబోతున్నదని దేవుడు ఫరోకు కల ద్వారా తెలియజేశాడు. యోసేపు ఆ కల భావము చెప్పి ఊరుకొన్నాడా? లేదు. వివేకముగలవానిని నియమించండి, దేశముమీద అధికారులను ఉంచండి, పంటలో అయిదవ భాగము తీసి ఊళ్లలో నిలువ చేయండి అని సలహా ఇచ్చాడు. దేవునియందలి భక్తి ధాన్యపు కొట్లుగా మారింది. ఫరో యోసేపు దేవుని ఎరుగనివాడు. అయినా అతని సభలో యోసేపు తన విశ్వాసమును దాచలేదు, దానిని అతని మీద రుద్దనూ లేదు. ఆకలిగొన్న ప్రజలందరి కొరకు దానిని పనిలో చూపించాడు.

విశ్వేశ్వరయ్యగారి సలహా కూడా నిలువ చేయడమే. పట్టణానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయములు కట్టి వరద నీటిని ఆపాలన్నారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయ్యాయి. ముంచిన నీరే తరువాత త్రాగునీరై ఇంటింటికీ వచ్చింది. గండిపేట నీళ్లు త్రాగిన ప్రతి విశ్వాసీ ఈ సంగతికి దేవుని స్తుతించవలసినదే.

మన సంఘముల చరిత్రలోను ఇటువంటి సాక్ష్యము ఉంది. మెదక్ దేవాలయమును మీలో చాలామంది చూసి ఉంటారు. కరవు కాలములో రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్‌గారు ఆకలితో ఉన్నవారికి పని కల్పించి, దానికి బదులు ఆహారమిస్తూ దానిని కట్టించారు. 1914లో ఆరంభమైన ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. అంత ఎత్తైన గోపురము క్రింద మొదట పెట్టబడినది ఆకలిగొన్నవాని అన్నము అని మన పిల్లలకు చెప్పాలి.

ఇక్కడే ఆగిపోతే ఈ సందేశము మనకు సుఖముగా ఉంటుంది. కాని లేఖనము మనలను ఆగనివ్వదు. ఆదికాండము 47వ అధ్యాయము కూడా చదవండి. కరవు ముదిరినప్పుడు ప్రజలు ధాన్యము కొరకు మొదట తమ ధనము ఇచ్చారు, తరువాత పశువులను, చివరకు భూములను, తమ్మును తాము ఫరోకు అమ్ముకున్నారు. యోసేపు వారిని ఉన్నచోటి నుండి ఊళ్లలోనికి తరలించాడు. వారి ప్రాణములు నిలిచాయి, వారి నేల పోయింది. అయితే యాజకుల భూమి మాత్రము పోలేదు. ఫరో వారికి బత్తెము ఏర్పాటు చేశాడు గనుక వారు తమ భూములను అమ్ముకోలేదు. ప్రియులారా, ఒక సేవకునిగా ఈ వచనము చదివినప్పుడు నాకు భయము వేస్తుంది. జనము సమస్తము పోగొట్టుకొన్న రోజున ఆ దేశపు మతపెద్దల ఆస్తి భద్రముగా ఉంది. అటువంటివారికి రాజుతో మాట్లాడవలసిన అవసరము ఎక్కడిది?

మంచి పథకము ప్రాణములను కాపాడవచ్చును. అదే పథకము పేదవానిని ఉన్నచోటి నుండి లేవదీయనూ వచ్చును. వరద తరువాత 1911లో పట్టణములో ప్లేగు వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసివేశారు, వీధులు వెడల్పు చేశారు, నది ఒడ్డున తోటలు వేశారు, పేదలకు ఇండ్లూ కట్టించారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఆ ఒడ్డులనే లేచాయి. ఈ మేలును నేను తక్కువ చేయను. కాని ఏ పట్టణములోనైనా అందమైన తోట చూసినప్పుడు, ఇక్కడ ఇదివరకు ఎవరి పొయ్యి ఉండేదని అడగడము దేవుని ప్రజల పని.

ఈ మాట పాత కథ కాదు. జలాశయముల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణములను అదుపులో ఉంచడానికి 1996లో 111వ నంబరు జి.ఓ. వచ్చింది. దాని నిబంధనలను ఎత్తివేయడానికి 2022లో 69వ నంబరు జి.ఓ. వచ్చింది. ఎగువన కాగితము మీద జరిగే మార్పు దిగువన పేదవాని గడపను తాకుతుంది. 2024లో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీలలో నదీగర్భములో ఉన్నాయని ఇండ్లకు గుర్తులు వేశారు. కొన్ని కుటుంబములను డబుల్ బెడ్రూం ఇండ్లకు తరలించారు, ఖాళీ అయిన ఇండ్లను కూల్చారు. 2025 సెప్టెంబరు చివరి వారములో మూసీ మరల పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోనికి వచ్చింది. కాబట్టి నది ఒడ్డున ఉండడము అపాయమన్న మాట నిజమే. ఆ తల్లి పాచిపనికి వెళ్లే ఇల్లు, ఆ తండ్రి బండి పెట్టుకొనే వీధి, ఆ పిల్లల బడి అన్నీ ఆ ఒడ్డునే ఉన్నాయన్న మాటా నిజమే. ఏ పార్టీ అధికారములో ఉన్నా ఈ రెండు నిజములను కలిపి చెప్పే నోరు ఒకటి కావాలి. ఆ నోరు సంఘమునకు ఎందుకు ఉండకూడదు?

మతము ప్రజా జీవితములో ఏమి చేయాలని కొందరు అడుగుతారు. మందిరములోనే ఉండాలని ఒకరంటారు, సింహాసనము ఎక్కాలని ఇంకొకరంటారు. మూసీ ఒడ్డు నాకు నేర్పినది వేరు. విపత్తు రాత్రి తలుపు తెరవాలి, వచ్చినవానిని నీది ఏ మతమని అడగకూడదు. తెల్లవారిన తరువాత, గట్టు ఎందుకు తెగిందని అధికారులను మర్యాదగా, మానకుండా అడగాలి. పథకము తయారైనప్పుడు, దానివలన ఇల్లు పోయేవాని ప్రక్కన నిలబడాలి. ప్రార్థన ఆనకట్టకు బదులు కాదు. ఆనకట్ట కనికరమునకు బదులు కాదు.

యిర్మీయా 29వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు, తమను చెరపట్టిన పట్టణము యొక్క క్షేమము కోరి దానికొరకు ప్రార్థన చేయమని వ్రాయించాడు. బబులోను కొరకే ప్రార్థించమన్నవాడు హైదరాబాదు కొరకు ప్రార్థించమనడా?

పాఠకులారా, ఈ వారము ఒక పని చేయండి. మీ సంఘము ఉన్న వీధికి ఎగువన ఏ చెరువు ఉందో, ఏ నాలా పోతున్నదో కనుక్కోండి. వాన రాత్రి మీ మందిరపు తాళము ఎవరి దగ్గర ఉంటుందో పెద్దలను అడగండి. ప్రక్కన ఉన్న మసీదువారిని, గుడివారిని పలకరించి వారి ఫోను నంబరు వ్రాసుకోండి. ఆ సహోదరి ఇంటికి నేను మరల వెళ్లాను. ఈసారి ఆమెకు అన్నము తెచ్చిన ఆ మసీదు పిల్లలను కలిసి, చేతులు పట్టుకొని కృతజ్ఞత చెప్పి వచ్చాను. ఆలస్యముగానే వెళ్లాను. మీరు ఆలస్యము చేయకండి.

ప్రార్థన చేద్దాము. పరిశుద్ధుడవైన తండ్రీ, మా పట్టణము కొరకు నీకు మొరపెట్టుచున్నాము. పాలకులకు వివేకమును, ఇంజనీర్లకు జాగ్రత్తను, నది ఒడ్డున నివసించువారికి భద్రమైన నివాసమును దయచేయుము. మా మందిరముల తలుపులను, వాటికంటె ముందు మా హృదయముల తలుపులను తెరువుము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.